నాయకుడు కూలిన మరునాడు

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 5:33–40, 2 సమూయేలు 19, 20 అధ్యాయములు, 1 రాజులు 12:1–20



హింసా దళమునకు నాయకుడైన ఒకడు చంపబడెనను వార్త వచ్చినప్పుడు జనులు సాధారణముగా రెండు మాటలలో ఏదో ఒకటి పలుకుదురు. "పీడ విరగడైనది" అని కొందరందురు. "ఒకడు పోతే పదిమంది పుట్టుదురు" అని మరికొందరందురు. మొదటి మాట పలికినవారు ఆ రాత్రి నిశ్చింతగా నిద్రింతురు. రెండవ మాట పలికినవారు తాము చేయదగినది ఏదియు లేదని చేతులు ముడుచుకొని కూర్చుందురు. ఈ రెండింటిలో ఏది నిజము? అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. అట్టివాని మరణమును గూర్చి క్రైస్తవుడు ఏమని తలంచవలెను? మరునాడు ఏమి చేయవలెను?

ఇది ప్రభుత్వమువారి సంగతి, సంఘ పత్రికలో దీనికేమి పని అని ఎవరైన అడుగవచ్చును. అయితే ఈ ప్రశ్నను మేము కొత్తగా తెచ్చి పెట్టలేదు. ఇది బైబిలులోనే ఉన్నది.

అపొస్తలులను చంపవలెనని యెరూషలేము మహాసభ మండిపడుచున్న వేళ గమలీయేలు అను ధర్మశాస్త్రోపదేశకుడు లేచి, సభవారికి ఇద్దరు తిరుగుబాటుదారులను జ్ఞాపకము చేసెను. ఒకడు థూదా. తనకు తానే గొప్పవాడనని చాటుకొనగా సుమారు 400 మంది వాని వెంటబడిరి. వాడు హతుడైనంతనే గుంపంతయు విడిపోయెను. రెండవవాడు గలిలయుడైన యూదా. జనసంఖ్య వ్రాయించిన కాలములో వాడు ప్రజలను లేవదీసెను. వాడును నశించెను, వాని మనుష్యులును చెదరిరి. కాబట్టి ఈ నజరేయుని శిష్యుల జోలికి పోవద్దు, మనుష్యుల పని అయితే ఇదియు అట్లే అంతరించును అని గమలీయేలు సలహా ఇచ్చెను. నాయకుడు చచ్చిన తరువాత తిరుగుబాటు ఏమగునని ఆనాడే ఒక పెద్దమనిషి ఆలోచించెనన్నమాట.

అయితే గమలీయేలు ఆ మాట పలికిన తరువాత కథ ఇంకను నడిచినది. థూదా విషయములో అతడు చెప్పినది పూర్తిగా సరిపోయెను. గలిలయుడైన యూదా విషయములో అది కొంతకాలమునకే సరిపోయెను. యూదుల చరిత్రకారుడైన యోసేఫస్ వ్రాసినదానిని బట్టి, క్రీ. శ. 6వ సంవత్సరములో కురేనియు జరిగించిన జనసంఖ్యకు, దానితో వచ్చిన పన్నుకు విరోధముగా ఈ యూదా లేచెను. అటు తరువాత ఇంచుమించు 40 ఏండ్లకు వాని ఇద్దరు కుమారులు, యాకోబు, సీమోను అనువారిని, రోమా అధిపతి సిలువ వేయించెను. క్రీ. శ. 66లో మహా తిరుగుబాటు ప్రారంభమైనప్పుడు ఆ వంశస్థుడైన మెనహేము ఆయుధములు ధరించి యెరూషలేములో ప్రవేశించెను. 70లో దేవాలయము కాలిపోయెను. ఆ తరువాత మసాదా అను కొండకోటలో చివరివరకు పోరాడినవారికి నాయకుడైన ఎలియాజరు కూడ ఆ కుటుంబమువాడే. చెదరిపోయినవారు మరల కూడిరి.

ఈ ఇద్దరిలో ఇంత భేదము ఎందుకు కలిగెను? థూదా ప్రజలకు తన్ను తాను చూపించెను. యూదా వారికి వారి బాధను చూపించెను. థూదా పోగా చూపించుటకు ఏమియు మిగలలేదు. యూదా పోయినను పన్ను పోలేదు, పరాయి దొరతనము పోలేదు, పన్ను కట్టలేక పొలము పోగొట్టుకొన్నవాని కోపము చల్లారలేదు.

పొలము పని చేయు మీకు ఇది తెలియనిది కాదు. తాటిచెట్టు ఎంత ఎత్తు పెరిగినను దాని ప్రాణమంతయు మొవ్వులోనే ఉండును. మొవ్వు నరికితిమా, చెట్టు నిలువునా ఎండిపోవును. తుంగ అట్టిది కాదు. పైన ఎంత కోసినను మట్టిలోనున్న గడ్డలనుండి మరల మొలచును. కొన్ని తిరుగుబాటులు తాటిచెట్టు వంటివి. మరికొన్ని తుంగ వంటివి. ఏది ఏదో తెలియకయే కొడవలి ఎత్తినవాడు, కోసిన వెంటనే శుభ్రమైన పొలమును చూచి మోసపోవును.

మన కాలములో జరిగిన ఒక సంగతిని కొంచెము వివరముగా చూతము. ఇది ఇరాకు దేశములో, అనగా అబ్రాహాము బయలుదేరిన కల్దీయుల దేశములో, యోనా ప్రకటించిన నీనెవె ఉన్న దేశములో జరిగినది. 2003లో అమెరికా సేనలు ఆ దేశమును పట్టుకొనిన తరువాత, యొర్దాను దేశస్థుడైన అబూ ముసబ్ అల్ జర్కావీ అనువాడు అక్కడ ఒక ఉగ్రవాద దళమును నడిపెను. ఆ సంవత్సరము ఆగస్టులో బాగ్దాదులోని ఐక్యరాజ్యసమితి కార్యాలయముపై బాంబు దాడి జరిగి 22 మంది చనిపోయిరి. అది వాని దళము పనియే. ముసల్మానులలో సున్నీలు, షియాలు అను రెండు తెగలవారి మధ్య చిచ్చు పెట్టుట వాని ప్రధాన ఉపాయము. 2006 ఫిబ్రవరి 22న సమర్రా పట్టణములో షియాలకు పరమ పవిత్రమైన ఒక మందిర గోపురమును బాంబులతో కూల్చిరి. ఆ దినమునుండి వీధి వీధిన పగ తీర్చుకొనుట మొదలాయెను.

వాని తలకు అమెరికా ప్రభుత్వము 2 కోట్ల 50 లక్షల డాలర్లు వెల కట్టెను. తుదకు 2006 జూన్ 7న బకూబా పట్టణ సమీపమున హిబ్‌హిబ్ అను గ్రామములో వాడు దాగిన ఇంటిపై విమానము రెండు బాంబులు వేసెను. వాడు మరణించెను. అనేకులు ఊపిరి పీల్చుకొనిరి. అందుకు కారణము లేకపోలేదు.

మరునాడు ఏమి జరిగినది? వారము గడవకముందే ఆ దళము కొత్త నాయకుని పేరు ప్రకటించెను. హత్యలు తగ్గలేదు సరిగదా, పెరిగెను. ఆ అక్టోబరు నెల ఒక్కదానిలోనే 3,700 మందికి పైగా సామాన్య జనులు చంపబడిరని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టెను. 2006వ సంవత్సరమంతటిలో ఆ సంఖ్య 34 వేలు దాటినది. ఎందుకనగా జర్కావీ రగిలించిన పగ అప్పటికే వాని చేతిలోనుండి జారి, ఇంటింటికి ప్రాకినది. తమ్ముడు చచ్చినవానికి జర్కావీ బ్రతికియున్నాడా లేడా అనునది అక్కరలేదు. వానికి తమ్ముని చంపినవాడు కావలెను. నిప్పు పెట్టినవాడు చచ్చినంతమాత్రమున గడ్డివాము మండుట ఆగదు.

మరి ఆ మంట ఎప్పుడు తగ్గెను? 2006 సెప్టెంబరులో అన్బారు అను పశ్చిమ ప్రాంతములో సున్నీ తెగల పెద్దలు కొందరు కూడుకొని, ఈ ఉగ్రవాదులకు ఇక మా ఇండ్లలో చోటు ఇయ్యమని తీర్మానించిరి. అంతవరకు ఆ దళమువారికి ఆశ్రయమిచ్చినది ఆ తెగలవారే. అయితే వచ్చినవారు తమ పెద్దలను చంపుట, తమ వ్యాపారములను లాగుకొనుట, తమ బిడ్డలను పెండ్లికి బలవంతపెట్టుట చూచి వారు విసిగిపోయిరి. మరుసటి సంవత్సరము అమెరికా మరికొంత సైన్యమును పంపి వారికి అండగా నిలిచెను, జీతములిచ్చెను. ఆ కావలి దళములలో దాదాపు లక్షమంది చేరిరి. హత్యలు వేగముగా తగ్గెను. మరియొక సంగతి గమనించుడి. ఆ కూటమికి నాయకుడైన అబ్దుల్ సత్తార్ అబూ రిషాను 2007 సెప్టెంబరులో ఉగ్రవాదులు బాంబుతో చంపిరి. అయినను కూటమి చెదరలేదు. చెడ్డపనికేగాక మంచిపనికి కూడ, వేరున్నయెడల, నాయకుని మరణముతో అంతము రాదు.

కథ ఇక్కడ ముగిసినయెడల ఎంత బాగుండును! బాగ్దాదులోని ప్రభుత్వము ఆ కావలివారిలో అనేకులకు వాగ్దానము చేసిన కొలువులు ఇయ్యలేదు. వారి పెద్దలలో కొందరిని చెరలో వేసెను. 2010 ఏప్రిలులో ఉగ్రవాద దళపు అగ్రనాయకులిద్దరు ఒక్క దెబ్బతో హతులైరి. అయినను అదే సంవత్సరము అక్టోబరు 31, ఆదివారము సాయంకాలము, బాగ్దాదులోని రక్షణమాత దేవాలయములో ఆరాధన జరుగుచుండగా ఆ దళమువారు చొరబడిరి. ఆ దాడిలో 50 మందికి పైగా మరణించిరి. మన సహోదరులు బలియైన ఆ ఆరాధన, నాయకులు కూలిన ఆరు నెలలకు జరిగినదని మరువకుడి. 2014 జూన్‌లో ఆ దళము మోసూలు నగరమును, అనగా పూర్వపు నీనెవెను ఆనుకొనియున్న పట్టణమును, పట్టుకొనెను. కొన్ని వారములలోనే అక్కడి క్రైస్తవులు తరతరముల ఇండ్లు విడిచి కట్టుబట్టలతో పారిపోయిరి.

కాబట్టి నాయకుని తీసివేయుట నిష్ప్రయోజనమని చెప్పవచ్చునా? అట్లు చెప్పుట తొందరపాటు. ఈ సంగతిని పరిశోధించిన పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. నాయకుని పట్టుటయో చంపుటయో జరిగినయెడల తిరుగుబాటు ముగియు అవకాశము పెరుగునని కొందరు తేల్చిరి. పాతబడిన దళములు, పెద్ద దళములు, మతము పేరిట లేచిన దళములు ఆ దెబ్బకు తట్టుకొని నిలుచునని మరికొందరు తేల్చిరి. రెండింటికిని ఆధారములు కలవు.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమును చూడుడి. అక్కడ అబిమాయెల్ గుజ్మాన్ అను తత్త్వశాస్త్ర ఉపాధ్యాయుడు 1980లో 'వెలుగు బాట' అను అర్థముగల పేరుతో ఒక సాయుధ తిరుగుబాటు ప్రారంభించెను. ఆ దేశపు సత్యనిర్ధారణ సంఘము 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారము ఆ పోరాటములో సుమారు 69 వేలమంది మరణించిరి. అందులో నలుగురిలో ముగ్గురు కెచువా భాష మాటలాడు కొండ ప్రాంతపు బీదలు. అనుచరులు గుజ్మానును దాదాపు దేవునివలె ఎంచిరి. ఆజ్ఞలన్నియు అతని నోటనుండియే వచ్చెడివి. 1992 సెప్టెంబరు 12న ఒక చిన్న పోలీసు దళము రాజధానియైన లిమా నగరములో ఒక ఇంట అతనిని తుపాకి పేల్చకుండ పట్టుకొనెను. మరుసటి సంవత్సరము అతడే చెరసాలనుండి శాంతి సంధి కావలెనని వ్రాసెను. తిరుగుబాటు త్వరలోనే బలహీనమాయెను. కొన్ని ముఠాలు మాత్రము అడవిలో మిగిలిపోయినవి. అతడు 2021లో చెరలోనే వృద్ధుడై చనిపోయెను. ఇది తాటిచెట్టు వంటిది. మొవ్వు పోగా చెట్టు వాలిపోయెను.

అయితే ఇక్కడను రెండు సంగతులు చూడవలెను. మొదటిది, అతడు ప్రాణముతో పట్టుబడెను. చచ్చినవాని చుట్టు కథలు అల్లవచ్చును, వాని పటమునకు దండ వేయవచ్చును. బ్రతికియుండి, నేను ఓడితిని, యుద్ధము చాలించుడని వ్రాసినవాని చుట్టు కథ అల్లుట కష్టము. రెండవది, గుజ్మాను పట్టుబడకముందే కొండ పల్లెలవారు వాని దళమును వదలిపెట్టి, తమ ఊళ్లకు తామే కాపలా కాయ మొదలుపెట్టిరి. వారిలో అనేకులు మనవలెనే ప్రొటెస్టంటు సంఘములకు చెందిన బీద రైతులు. వారు రెండు వైపుల దెబ్బలు తినిరి. తిరుగుబాటుదారులు వారి కాపరులను చంపిరి. 1984 ఆగస్టు 1న హువంటా పట్టణ సమీపమున కాల్క్వి అను పల్లెలో ప్రెస్బిటేరియను సంఘము ఆరాధనలో ఉండగా, ప్రభుత్వ నావికాదళపు సైనికులు వచ్చి ఆరుగురిని బయటికి లాగి కాల్చివేసిరి. అయినను ఆ సంఘములు చెదరక నిలిచెను. పైన మొవ్వు తీసినవారు పోలీసులు. క్రింద తుంగగడ్డలు త్రవ్వినవారు ఆ పల్లెవారు.

ఇప్పుడు మరల పరిశుద్ధ గ్రంథమునకు వత్తము. దావీదు కాలములో బిక్రీ కుమారుడైన షెబ అనువాడు బూర ఊది, దావీదు ఇంటితో మనకు పొత్తు లేదని ఉత్తర గోత్రములవారిని లేవదీసెను. యోవాబు వానిని ఆబేలు అను పట్టణమువరకు తరిమి ముట్టడి వేసెను. అప్పుడు ఒక బుద్ధిమంతురాలు గోడమీదనుండి మాటలాడి, ఊరివారిని ఒప్పించి, ఆ ఒక్కని తల తెగవేయించి పట్టణమును రక్షించెను. యోవాబు బూర ఊదించగా సైన్యము ఇంటిదారి పట్టెను. ఒక్క తలతో ఒక తిరుగుబాటు ముగిసెను. ఒక ఊరు బ్రతికెను. ఇది మంచియే. మేము దీనిని తక్కువ చేయము.

అయితే పేజీలు త్రిప్పి 1 రాజులు 12వ అధ్యాయము చదువుడి. దావీదు పోయెను, సొలొమోను 40 ఏండ్లు ఏలి పోయెను. అతని కుమారుడైన రెహబాము ఎదుట అవే ఉత్తర గోత్రములవారు నిలిచి, మీ తండ్రి మోపిన కాడి బరువు తగ్గించుమని మనవి చేసికొనిరి. పెద్దల మాట తోసివేసి, నేను ఇంకను బరువు చేసెదనని అతడు గర్వముగా పలికెను. అప్పుడు ఆ జనులు వేసిన కేక ఏది? 2 సమూయేలు 20:1, 1 రాజులు 12:16 ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. షెబ వేసిన కేకయే! షెబ తల రాలెను గాని వాని కేక రాలలేదు. రెండు తరములు అది ఇండ్లలో మూలుగుచు ఉండెను. బరువైన కాడి దానికి నీరు పోసెను. ఈసారి ఒక తలతో అది తీరలేదు. రాజ్యమే రెండుగా చీలెను.

నడుమ మరియొక సంగతి జరిగినది. అబ్షాలోము చనిపోయిన తరువాత దావీదు, తిరుగుబాటు సైన్యమునకు అధిపతిగా ఉండిన అమాశాను చంపక, తన సేనాపతిగా నియమించెను. ఓడినవారి హృదయములను త్రిప్పుటకు అంతకంటె మంచి మార్గము లేదు. అయితే యోవాబు ముద్దుపెట్టుకొనునట్లు నటించి, గడ్డము పట్టుకొని, అమాశాను కత్తితో పొడిచెను. లోబడి వచ్చినవానిని చంపుట, మాటయిచ్చి తప్పుట, ఇవి తుంగగడ్డలను మరల నాటుటయే. బాగ్దాదువారు తమ కావలివారికి చేసినది ఇట్టిదే.

మన తెలుగు దేశమునకు కూడ ఈ పాఠము పరాయిది కాదు. శ్రీకాకుళము ఏజెన్సీలో షావుకార్ల అప్పులకు భూములు పోగొట్టుకొన్న గిరిజనుల మొర చిరకాలమునుండి ఉండెను. 1967 అక్టోబరు 31న లేవిడి గ్రామమువద్ద ఇద్దరు గిరిజనులు కాల్చబడిన తరువాత అది సాయుధ తిరుగుబాటై పెరిగి, భూస్వాములను, షావుకార్లను చంపుటవరకు పోయెను. 1970 జూలైలో దాని నాయకులైన వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము పోలీసు కాల్పులలో మరణించిరి. అక్కడ తిరుగుబాటు అణగిపోయెను. అయితే పది సంవత్సరములకు, 1980లో, అదే మార్గమున మరియొక దళము తెలంగాణలో పుట్టెను. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవులలో హతుడైన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు ఆ శ్రీకాకుళము జిల్లాలో పుట్టినవాడే. సత్యము మరణమునకును ఈ మరణమునకును మధ్య 55 ఏండ్లు. ఆ నడిమి కాలములో ఎందరు పోలీసుల భార్యలు, ఎందరు దళసభ్యుల తల్లులు, ఇన్‌ఫార్మరను ముద్ర వేయబడి చంపబడిన ఎందరు పల్లెవాండ్ర బిడ్డలు ఏడ్చిరో దేవునికే తెలియును. 2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు అను మరియొక అగ్రనాయకుడు, దాదాపు 60 మందితో కూడ, మహారాష్ట్రలో ఆయుధములు అప్పగించెను. అతని అన్న 2011లో కాల్పులలో చనిపోయినవాడు. ఒక తల్లికి పుట్టిన ఇద్దరిలో ఒకడు తుపాకితో పోయెను, ఒకడు తుపాకి దించెను. దించినవానిని మనుష్యులలో కలుపుకొనుట ఎట్లు అనునది ఇకమీదట మన అందరి ప్రశ్న.

ఇంతవరకు జరుగు సంగతిని చూచితిమి. జరుగవలసినదానిని గూర్చి వాక్యము ఏమనుచున్నది?

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో, 13వ అధ్యాయమున, అధికారి ఊరకయే ఖడ్గము ధరింపడని చెప్పెను. నిరపరాధులను కాపాడుట ప్రభుత్వ ధర్మము. బాంబులు పెట్టువానిని ఆపుట పాపమని మేము బోధింపము. అట్లు బోధించినయెడల చనిపోయినవారి కుటుంబములకు మేమేమి జవాబు చెప్పగలము? అయితే అదే పౌలు దానికి ముందటి అధ్యాయములోనే, ఆకలిగొన్న శత్రువునకు భోజనము పెట్టుమని చెప్పెను. ఒకటి అధికారి పని. మరియొకటి సంఘము పని. అధికారి తన పని చేసెనని సంఘము తన పని మానుకొనరాదు.

మరి సంతోషింపవచ్చునా? 2011 మే నెలలో ఒసామా బిన్ లాడెను హతుడైన రాత్రి, అమెరికాలో జనులు వీధులలోకి వచ్చి కేరింతలు కొట్టిరి. 2001లో వాని దళము దాదాపు 3,000 మందిని చంపియుండుటచేత వారి మనస్సు మనము అర్థము చేసికొనగలము. కాని సామెతలు 24వ అధ్యాయము శత్రువు పడినప్పుడు ఉప్పొంగవద్దని హెచ్చరించుచున్నది. యెహెజ్కేలు 33వ అధ్యాయములో, దుష్టుడు చచ్చుట తనకు ఇష్టము కాదని, వాడు మళ్లుకొని బ్రదుకుటయే ఇష్టమని దేవుడు తన జీవముతోడని ప్రమాణము చేసెను. దేవుడు సంతోషింపని చోట మనము సంతోషించుట ఎట్లు?

"మరి ఎఱ్ఱసముద్రపు ఒడ్డున మిర్యాము తంబుర పట్టుకొని పాడలేదా?" అని మీలో ఒకరు అడుగవచ్చును. ఇది మంచి ప్రశ్న. పాడెను. ఆమె విడుదలను బట్టి పాడెను. తరుముకొని వచ్చుచున్న సైన్యమునుండి తప్పించుకొన్నవారికి స్తోత్రము చెల్లించు హక్కు కలదు. భయము తొలగిన ఊరు దేవునికి స్తోత్రము చెల్లించుట ఒకటి. శవముయొక్క ఫోటోను ఫోనులో ఒకరికొకరు పంపుకొని నవ్వుట మరియొకటి. ఈ రెంటికి మధ్యనున్న గట్టును మనము దాటరాదు. తన ప్రాణము తీయజూచిన సౌలు పడినప్పుడు దావీదు ఏడ్చెను. అబ్షాలోమునకై ఏడ్చెను. అయితే ఆ ఏడ్పులో మునిగి, తనకొరకు ప్రాణమొడ్డినవారిని మరచినందుకు యోవాబు అతనిని గద్దించెను. ఆ గద్దింపును దావీదు అంగీకరించి, లేచి గుమ్మమునొద్ద కూర్చుండెను. దుఃఖమునకు కూడ న్యాయము ఉండవలెను. చంపినవాని ఆత్మకొరకు దుఃఖించి, చంపబడినవారి బిడ్డలను మరచువాడు దావీదు మొదటి తప్పును చేయుచున్నాడు.

గమలీయేలు మాటను గూర్చి ఇంకొక హెచ్చరిక. నాయకుడు చచ్చినను నిలిచినది గనుక ఇది దేవుని పని అని ఎవరును తేల్చరాదు. గలిలయుడైన యూదా పని నిలిచి, పెరిగి, దేవాలయమును బూడిద చేయుటకు దారితీసెను. పగ కూడ చిరకాలము బ్రదుకగలదు. నిలుచుట ఒక్కటే దేవుని ముద్ర కాదు. ఫలములనుబట్టియే చెట్టును గుర్తింపవలెనని మన ప్రభువు నేర్పెను.

ఆ ప్రభువు ఈ ప్రశ్నకు తన జీవితములో జవాబు ఇచ్చియున్నాడు. ఆయన పండ్రెండుమందిలో జెలోతే అనబడిన సీమోను ఉండెను. రోమా దొరతనమును ద్వేషించినవారి పేరు అది. సుంకరియైన మత్తయి కూడ ఉండెను. ఏ పన్ను నిమిత్తము గలిలయుడైన యూదా కత్తి దూసెనో, అట్టి పన్నుల పనిలో కూర్చుండినవాడు ఇతడు. ఆ ఇద్దరిని ఆయన ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి రొట్టె విరిచెను. తుదకు అల్లరిలో నరహత్య చేసిన బరబ్బా విడిపింపబడగా, ఆయన వానికి బదులుగా సిలువకు నడిచెను. తిరుగుబాటుదారుడు పోవలసిన చోటికి ఆయనయే పోయెను. ఇది ఎరిగిన సంఘము, ఏ మనిషియైనను ఇక మారడు అని ముందుగా తీర్పు వ్రాయలేదు.

కాబట్టి ప్రియులారా, అట్టి వార్త మన ఊరికి వచ్చిన మరునాడు మనము చేయవలసిన పని ఇది. మొదట, ఆ హింసలో భర్తను, బిడ్డను పోగొట్టుకొన్న ఇంటికి పోవుదము. వార్త వినగానే వారి గాయము మరల రేగును. ఆ దినమున వారు ఒంటరిగా ఉండరాదు. తరువాత, చచ్చినవాని తల్లి మన పొరుగున ఉన్నయెడల ఆమె గడప కూడ తొక్కుదము. కుమారుని పాపము తల్లి వంటయింటిలో పొయ్యి ఆర్పరాదు. ఆయుధము దించి వచ్చిన యువకుడు కూలికి వచ్చినయెడల పని ఇత్తము. వాని బిడ్డ బడికి వచ్చినయెడల ప్రక్కన కూర్చుండనిత్తము. అమాశాను చేర్చుకొన్న దావీదువలె ఉందము గాని, ముద్దుపెట్టి పొడిచిన యోవాబువలె ఉండవద్దు. అన్నిటికంటె కష్టమైనది ఒకటి కలదు. మన ఊరిలో ఎవని మెడమీద ఏ కాడి బరువుగా ఉన్నదో చూతము. అన్యాయముగా పోయిన పొలము, ఎగవేసిన కూలి, తీరని వడ్డీ, వీటిని గూర్చి బాధితుడు తుపాకివైపు చూడకముందే, సంఘ పెద్దలు వానితో కూడ తహసీలుదారునొద్దకు నడువవలెను. ఆ కాడిని వేసినవాడు మన సంఘములోనే ఉన్నయెడల, వానితో మాటలాడుట ఇంకను ముందుగా చేయవలెను.

"పీడ విరగడైనది" అనువారితో మేము చెప్పునది, ఇంకను త్రవ్వవలసిన గడ్డలు ఉన్నవని. "ఒకడు పోతే పదిమంది" అనువారితో చెప్పునది, ఆ పదిమంది పుట్టుట తప్పనిసరి కాదని. నాయకుని మరణము ఒక తలుపు తెరచును. ఆ తలుపులోనుండి పగ వచ్చునా సమాధానము వచ్చునా అనునది, బ్రతికియున్నవారు మరునాడు చేయు పనిని బట్టి యుండును. రెహబాము ఎదుట ఆనాడు ప్రజలు నిలిచినట్లు, ఎవరో ఒకరు బరువు తగ్గించుమని మన గుమ్మమునొద్ద కూడ నిలిచియుందురు. వారికి మృదువైన మాట, న్యాయమైన క్రియ జవాబుగా ఇచ్చుటకు సమాధానకర్తయైన ప్రభువు మన సంఘములన్నిటికి కృప దయచేయును గాక. ఆమేన్.